ఎడమ పాడుతోంది, కుడి పలకడం లేదు: కెపాసిటర్ కొనే ముందు

తమ్ముడూ, నీ హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్‌కి ఆ ఔట్‌పుట్ కెపాసిటర్ ఆర్డరు ఇంకా పెట్టకపోతే పెట్టకు. పెట్టేసి ఉంటే క్యాన్సిల్ చెయ్. నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే తప్పు అక్కడ ఉండే అవకాశం తక్కువ.

నువ్వు చెప్పినది ఇదీ. మన విశాఖ మధురవాడలో ఇంట్లోనే రెండు నెలలు కూర్చుని, ముందు 12ఏయూ7, వెనక 6080 అనే రకాల వాల్వులతో (గాజు ట్యూబులతో) హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ కట్టావు. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేదు. 6080 కేథోడ్ అనే పిన్ను నుంచి కెపాసిటర్ ద్వారా నేరుగా హెడ్‌ఫోన్‌కు పోతుంది. పది రోజులు రెండు చానెళ్లూ బాగా పాడాయి. పదకొండో రోజు రాత్రి స్విచ్ వేస్తే ఎడమ మామూలుగానే ఉంది, కుడి వైపు ఏమీ లేదు. అదే హెడ్‌ఫోన్ ఫోన్‌కు పెడితే రెండు వైపులా వినబడుతోంది. స్పేర్ 12ఏయూ7 ఉంటే మార్చి చూశావు, తేడా లేదు. "వాల్వు మంచిదే కాబట్టి కెపాసిటరే పోయి ఉంటుంది, 100 మైక్రోఫారడ్, 250 వోల్టులది మంచి రకం కొంటున్నాను, సరైనదేనా అంకుల్?" అని అడిగావు.

నాకు 60 దాటాయి. ఓడల మీద రేడియో, ఎలక్ట్రికల్ సామాను రిపేరు చేసే పనిలోనే సర్వీసంతా గడిచింది. ఇప్పుడు ఇంట్లో పాత రేడియోలు, ఇలాంటి యాంప్లిఫయర్లు చూస్తుంటాను. నువ్వు అంకుల్ అన్నావు కాబట్టి నేనూ చనువుగా నువ్వు అనే రాస్తున్నాను.

ముందు నీ లెక్కలో జారిన చోటు చెబుతాను. వాల్వు మార్చినా తేడా లేదు, కాబట్టి వాల్వు మంచిదే. ఇంతవరకు సరే. కానీ అక్కణ్ణుంచి ఒక్క గెంతులో కెపాసిటర్ దగ్గరికి వెళ్లిపోయావు. మధ్యలో సాకెట్ ఉంది, ఆ సాకెట్‌కి నువ్వు పెట్టిన తొమ్మిది టంకాలు ఉన్నాయి, దాని చుట్టూ రెసిస్టర్లు ఉన్నాయి. ఆ తర్వాత మొత్తం 6080 ఉంది. ఇంకో విషయం. 12ఏయూ7 అనే ఆ చిన్న గాజు సీసాలో ఉండేది ఒక వాల్వు కాదు, రెండు ట్రయోడ్లు. ఒక్కో ట్రయోడ్‌లో ఎలక్ట్రాన్లు విడిచే కేథోడ్, దాన్ని వేడెక్కించే హీటరు, పాట వచ్చి చేరే గ్రిడ్, ఎలక్ట్రాన్లు అందుకునే ప్లేటు ఉంటాయి. మన ఊళ్లో ఒకే ఇంటిని రెండు వాటాలు చేసి అద్దెకిస్తారే, అలాగ. ఒక వాటాలో ఎడమ చానెల్, ఇంకో వాటాలో కుడి చానెల్. 6080 కూడా అంతే. ఇంటిని మొత్తం తీసి కొత్త ఇల్లు పెట్టినా, కుడి వాటాకి వచ్చే కరెంటు తీగే తెగి ఉంటే ఆ వాటాలో దీపం వెలగదు. నీ యాంప్లిఫయర్‌లో జరిగినది ఇలాంటిదేనని నా అనుమానం. ఎందుకో కింద చెబుతాను. అనుమానం కాస్తా నిర్ధారణ కావాలంటే మాత్రం మీటరు పెట్టాల్సిందే.

మీటరు కన్నా ముందు ప్రాణం సంగతి. ఇది చదవకుండా కిందికి వెళ్లకు.

ఈ సర్క్యూట్‌లో హెచ్‌టీ (హై టెన్షన్, వాల్వులకు అందే ఎక్కువ వోల్టేజీ డీసీ) లైను 170 వోల్టుల దగ్గర ఉంటుంది. స్విచ్ ఆపి ప్లగ్ పీకేసినా ఫిల్టర్ కెపాసిటర్లలో ఆ వోల్టేజీ నిలబడే ఉంటుంది. మొత్తం 440 మైక్రోఫారడ్, బ్లీడర్‌గా (కెపాసిటర్లని మెల్లగా ఖాళీ చేసే రెసిస్టర్‌గా) 220 కిలో ఓములు పెట్టానని రాశావు. ఆ బ్లీడర్ ఒక్కటే పని చేస్తే 170 నుంచి 30 వోల్టులకు దిగడానికి దాదాపు 3 నిమిషాలు పడుతుంది. ఆ బ్లీడర్ టంకమే ఊడి ఉంటే ఎంతసేపైనా దిగకపోవచ్చు. మా వర్క్‌షాపులో నాతో పని చేసిన ఒకాయన, ఆపి అరగంటైంది కదా అని చెయ్యి పెట్టాడు. చెయ్యి ఒక్కసారిగా వెనక్కి లాక్కోవడంలో మోచెయ్యి ఇనప బీరువాకి కొట్టుకుని ఎముక చిట్లింది. షాక్ కన్నా ఆ దెబ్బకే ఎక్కువ రోజులు సెలవు పెట్టాడు.

కాబట్టి ఒక పనిముట్టు చేసుకో. 2.2 కిలో ఓములు, 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్ ఒకటి తీసుకుని, ఒక చివర మంచి ఇన్సులేషన్ ఉన్న వైరుతో క్రొకడైల్ క్లిప్పు, రెండో చివర ప్లాస్టిక్ పిడి ఉన్న ప్రోబ్ కట్టు. ప్లగ్ పీకు, క్లిప్పు చాసిస్‌కి (యాంప్లిఫయర్ లోహపు చట్రానికి) పెట్టు, ప్రోబ్ హెచ్‌టీ మీద 5, 6 సెకన్లు ఆనించు. ఆ తర్వాత మీటరుతో చూసి, 5 వోల్టుల లోపు ఉందని కళ్లారా చదివాకే చెయ్యి పెట్టు. స్క్రూడ్రైవర్‌తో టప్పుమని షార్ట్ చేసే అలవాటు కొందరికి ఉంది. నువ్వు నేర్చుకోవద్దు. కెపాసిటర్ పాడవుతుంది, నిప్పురవ్వ కంట్లో పడుతుంది.

కరెంటు ఉండగా కొలిచేటప్పుడు నల్ల ప్రోబ్‌ని క్లిప్పుతో చాసిస్‌కి బిగించి వదిలెయ్. ఎర్రది ఒక్కటే చేత్తో పట్టుకో. ఎడమ చెయ్యి వీపు వెనక ఉండాలి. కాళ్లకు పొడి చెప్పులు. రాత్రి పదకొండు దాటాక, నిద్ర కళ్లతో ఈ పని చెయ్యకు. ఇంట్లో ఇంకొకరు మెలకువగా ఉన్నప్పుడే చెయ్యి. నీ మంచి హెడ్‌ఫోన్ పక్కన పెట్టేసి, జాక్‌లో ఒక పాత హెడ్‌ఫోన్ గానీ, ఒక్కో చానెల్‌కి 300 ఓముల రెసిస్టర్ గానీ పెట్టు.

ఇప్పుడు మూత తియ్యకుండానే చూడగలిగినవి. ఫోన్ నుంచి పాట తెచ్చే ఆర్‌సీఏ కేబుల్స్ రెండూ అటూ ఇటూ మార్చు, ఎర్రది తెల్లదాంట్లో, తెల్లది ఎర్రదాంట్లో. నిశ్శబ్దం ఎడమకి మారితే తప్పు ఫోన్ వైపో కేబుల్లోనో ఉంది. యాంప్లిఫయర్‌ని ముట్టుకోవాల్సిన పని లేదు. మారకపోతే లోపలే. తర్వాత హెడ్‌ఫోన్ ప్లగ్‌ని గట్టిగా చివరిదాకా నెట్టి, మెల్లగా తిప్పి చూడు. 6.35 మిల్లీమీటర్ల జాక్‌లో కొన ఎడమ, మధ్య రింగు కుడి, కింది భాగం గ్రౌండు. రింగుని తాకే స్ప్రింగు సడలితే పోయేది కుడి చానెలే. ప్లగ్ తిప్పినప్పుడు గరగర వచ్చిందా, జాక్ మార్చు, అయిపోతుంది. వాల్యూమ్ కంట్రోల్‌ని ఈ చివర నుంచి ఆ చివరికి పదిసార్లు తిప్పు. రెండు ట్రాకుల్లో ఒకటి మురికి పట్టి వదిలేస్తే కూడా ఒక చానెలే పోతుంది. అయితే అది సాధారణంగా గరగరలాడుతూ, వచ్చిపోతూ ఉంటుంది. ఉన్నట్టుండి పూర్తిగా పోవడం అరుదు.

ఇక్కడే చెవితో ఒక పరీక్ష ఉంది. నాకు మీటరు కన్నా ముందు సగం సమాధానం దీంట్లోనే దొరుకుతుంది. పాట ఆపేసి, వాల్యూమ్ పూర్తిగా పెంచి, ఇల్లు సద్దుమణిగాక కుడి వైపు చెవి పెట్టి విను. సన్నని హిస్‌గానీ, లోతుగా ఒక హమ్‌గానీ వినబడుతోందా? వినబడితే వాల్వులు బతికే ఉన్నాయి, పాట వాటి దాకా రావడం లేదు. ఇన్‌పుట్ సాకెట్, షీల్డ్ వైరు (మధ్య తీగ చుట్టూ లోహపు అల్లిక ఉండేది), వాల్యూమ్ కంట్రోల్, గ్రిడ్ దాకా ఉన్న దారిలో చూడాలి. అలా కాక, హెడ్‌ఫోన్ ప్లగ్ పీకేసినట్టు ఉందా? హిస్ లేదు, హమ్ లేదు, ఏమీ లేదు? అప్పుడు వాల్వు పని చెయ్యడం లేదు, లేదా వాల్వు తర్వాత దారి తెగింది. నువ్వు "అసలు ఏమీ లేదు" అని రాశావు. అందుకే నా చూపు 12ఏయూ7 సాకెట్ మీద పడింది.

ఇప్పుడు గదిలో లైటు తీసెయ్. యాంప్లిఫయర్ ఆన్ చేసి ఒక నిమిషం ఆగి, 12ఏయూ7 లోపలికి పక్కనుంచీ పైనుంచీ చూడు. రెండు సన్నని గొట్టాల్లాంటి కేథోడ్లు ఉంటాయి. వాటి కొసల్లో దీపపు వత్తి కాలినట్టు ఎర్రటి చుక్క కనబడుతుంది. రెండింటిలోనూ ఉందా? ఒకదాంట్లోనే ఉందా? కొన్ని వాల్వులకు పైన వెండిపూత దట్టంగా ఉండి కనబడదు. అప్పుడు పక్కనుంచి మైకా పలకల సందులో చూడాలి. నువ్వు వాల్వు మార్చిన రోజు ట్యూబ్‌లైటు వెలుగులో చూసి ఉంటావు. ఒకటి వెలుగుతున్నా మొత్తం వెలుగుతున్నట్టే అనిపిస్తుంది.

ఒకటే వెలగడం ఎలా సాధ్యం అంటావా? 12ఏయూ7 హీటరులో ఉన్న సొగసే అది. 4, 5, 9 నంబరు పిన్నులు హీటరువి. 4కీ 9కీ మధ్య ఒక వాటా హీటరు, 5కీ 9కీ మధ్య రెండో వాటా హీటరు. 12.6 వోల్టులు ఇచ్చేవాళ్లు 4, 5 పిన్నులకు ఇస్తారు, 9ని వదిలేస్తారు. అప్పుడు రెండు హీటర్లూ సీరీస్‌లో ఉంటాయి, తెగితే రెండూ ఆరిపోతాయి. నువ్వు 6080కి ఎలాగూ 6.3 వోల్టులే కావాలి కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్‌లో అదే వైండింగ్ (తీగ చుట్ట) మీద దీన్నీ నడుపుతున్నావు. అంటే 4, 5 పిన్నుల్ని ఒక చిన్న తీగతో కలిపి ఒక వైరు, 9కి ఇంకో వైరు. ఆ చిన్న తీగ ఉంది చూశావా, పావు అంగుళం ముక్క, అందరూ చివర్లో తొందరలో పెట్టే టంకం అది. 5వ పిన్ను దగ్గర టంకం సరిగ్గా కరిగి పట్టుకోకపోతే కొన్నాళ్లు ఫ్లక్స్ జిగురు మీదే ఆధారపడి పని చేస్తుంది. రోజూ వేడెక్కుతూ చల్లారుతూ ఉంటే సందు విడుతుంది. పది రోజులు పాడి పదకొండో రోజు పోవడం దీని లక్షణమే. స్పేర్ వాల్వు పెట్టినా మారకపోవడమూ దీని లక్షణమే.

కరెంటు తీసి, కెపాసిటర్లు ఖాళీ చేసి, వాల్వు పీకి దీన్ని నిర్ధారించుకో. సాకెట్ రంధ్రంలో పట్టేంత సన్నని రెసిస్టర్ కాలు ఒకటి కత్తిరించి, పైనుంచి 4వ రంధ్రంలో దూర్చు. మీటరు ఓముల మీద పెట్టి, ఆ కాలికీ ట్రాన్స్‌ఫార్మర్ హీటరు ట్యాగుకీ మధ్య కొలువు. తర్వాత 5వ రంధ్రం, తర్వాత 9కి రెండో ట్యాగు. మీటరు వైర్ల సొంత రెసిస్టెన్స్ తీసేస్తే అర ఓము లోపే రావాలి. కింద టంకం మీద ప్రోబ్ పెట్టి కొలిస్తే మోసపోతావు. ప్రోబ్ ఒత్తిడికి పగులు మూసుకుని, ఏ తప్పూ లేదని చూపిస్తుంది. పైనుంచి, వాల్వు పిన్ను ఎక్కడ కూర్చుంటుందో అక్కణ్ణుంచే కొలవాలి. ఒక విషయం గుర్తుంచుకో. నంబర్లు సాకెట్ అడుగు నుంచి చూస్తే గడియారం తిరిగే దిశలో, పెద్ద ఖాళీ పక్కనుంచి 1 మొదలు. పైనుంచి చూస్తే తిరగబడతాయి.

రెండు హీటర్లూ వెలుగుతుంటే నా అనుమానం తప్పు. అప్పుడు డీసీ వోల్టేజీలు కొలవాలి. దీనికి పుస్తకం అక్కర్లేదు. ఎడమ చానెల్ చక్కగా పాడుతోందిగా, అదే నీ పుస్తకం. ముందు ఎడమలో ఒక చోట కొలిచి కాగితం మీద రాయి, వెంటనే కుడిలో అదే చోట కొలిచి పక్కన రాయి. 22 కిలో ఓముల ప్లేటు రెసిస్టర్, 680 ఓముల కేథోడ్ రెసిస్టర్, 6080 కేథోడ్ నుంచి 3.3 కిలో ఓములు అన్నావు. ఆ విలువలతో 170 వోల్టుల హెచ్‌టీ మీద ఆరోగ్యంగా ఉన్న చానెల్ దాదాపు ఇలా ఉంటుంది: 12ఏయూ7 కేథోడ్ దగ్గర 2.4 వోల్టులు, ప్లేటు దగ్గర 90, 6080 గ్రిడ్ దగ్గర కూడా అదే 90, 6080 కేథోడ్ దగ్గర 105 నుంచి 110. అయిదారు వోల్టులు అటూ ఇటూ ఉంటే పట్టించుకోకు.

ఇందులో 12ఏయూ7 ప్లేటు, 6080 గ్రిడ్ మధ్య కెపాసిటర్ లేదు. నేరుగా కలిపారు. శబ్దానికి ఇది మంచిదే గానీ, రిపేరు చేసేవాణ్ణి తికమక పెడుతుంది. ముందు వాల్వులో తప్పు జరిగితే వెనక వాల్వు అంకెలన్నీ చెడిపోతాయి. జనం ఆ వెనక అంకె చూసి 6080 పోయిందని కొత్తది కొనేస్తారు. అది చవకైన వస్తువు కాదు. అందుకని ఎప్పుడూ ముందు నుంచి వెనక్కి చదవాలి.

కుడి 12ఏయూ7 కేథోడ్ దగ్గర సున్నా, ప్లేటు దగ్గర 140 చిల్లర, 6080 కేథోడ్ కూడా దాదాపు అంతే ఉందనుకో. ముందు వాల్వు కరెంటు లాగడం లేదని అర్థం. "కరెంటు లాగకపోతే ప్లేటు పూర్తి 170 చూపించాలి కదా" అని నీకు అనుమానం రావచ్చు. వెనక 6080 లేకపోతే చూపించేదే. గ్రిడ్ అంత పైకి లేచేసరికి 6080 గ్రిడ్డే కాస్త కరెంటు తాగడం మొదలుపెడుతుంది, దాంతో 22 కిలో ఓముల మీద వోల్టేజీ పడిపోతుంది. ఈ 140 అంకె చూసి చాలామంది దారి తప్పుతారు. ఆ స్థితిలో కుడి వైపు 3.3 కిలో ఓముల రెసిస్టర్ మామూలుగా 3.5 వాట్లు కాల్చేది 6 వాట్ల దాకా కాలుస్తుంది. ఎడమదాని కన్నా బాగా వేడిగా ఉంటుంది, అదీ ఒక ఆనవాలే. దీనికి కారణం చల్లారిన హీటరు కావచ్చు, కేథోడ్ పిన్ను సాకెట్‌లో తాకకపోవడం కావచ్చు.

అదే ప్లేటు 140, కానీ కేథోడ్ సున్నాకి బదులు 8, 10 వోల్టులు చూపించిందా? హీటరు బాగుంది, 680 ఓముల రెసిస్టర్ గానీ దాని గ్రౌండు టంకం గానీ తెగింది. కేథోడ్‌కి కిందికి దారి లేక అలా పైకి తేలింది. ఒకే నిశ్శబ్దం, ఒకే ప్లేటు వోల్టేజీ, కానీ ఈ ఒక్క పిన్ను దగ్గర అంకె రెండు కథల్నీ వేరు చేస్తుంది. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

ప్లేటు దగ్గర సున్నా, 6080 కేథోడ్ 50 చుట్టూ ఉంటే 22 కిలో ఓముల రెసిస్టర్ తెగింది, లేదా దానికి హెచ్‌టీ రావడం లేదు. ప్లేటు 40, కేథోడ్ సున్నా అయితే కేథోడ్ గ్రౌండుకి షార్ట్ అయింది. అయితే అప్పుడు పూర్తి నిశ్శబ్దం ఉండదు, గొంతు చీలినట్టు పాడుతుంది. కాబట్టి నీ కేసు అది కాదు.

ముందు వాల్వు అంకెలు ఎడమతో సరిపోయి, 6080 కేథోడ్ సున్నా ఉంటే ఆ వాటా 6080 పని చెయ్యడం లేదు. దాని ప్లేటు పిన్ను దగ్గర 170 ఉందో లేదో చూడు. 2, 5 నంబర్లు ప్లేట్లు, 3, 6 కేథోడ్లు, 1, 4 గ్రిడ్లు. ఆక్టల్ (ఎనిమిది పిన్నుల) సాకెట్ పట్లు వదులవడం కూడా మామూలే.

ఇక 6080 దగ్గర ఒక దొంగ తప్పు ఉంది. 3.3 కిలో ఓముల కేథోడ్ రెసిస్టర్ తెగితే కేథోడ్ సున్నాకి పడదు, హెచ్‌టీ దాకా ఎగరదు. 117 వోల్టుల దగ్గర ఆగుతుంది. 6080 ఆంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ (వాల్వు పెంచగల రెట్లు) 2 మాత్రమే కాబట్టి అలా జరుగుతుంది. మంచి చానెల్ 107, చెడిన చానెల్ 117. పది వోల్టుల తేడా ఎవరికి అనుమానం తెప్పిస్తుంది? నేనూ మొదటిసారి ఆ రెండు అంకెలూ చూసి సరిగ్గానే ఉన్నాయనుకుని ముందుకెళ్లాను, ఒక ఆదివారమంతా పోయింది. అందుకే ఈ రెసిస్టర్‌ని కరెంటు తీసి, కెపాసిటర్లు ఖాళీ చేశాక ఓముల్లో విడిగా కొలువు. చేతికి వేడి తగిలేంత దగ్గరగా పెట్టి చూసినా తెలుస్తుంది, ముట్టుకోకుండానే. ఎడమది మండుతూ కుడిది చల్లగా ఉంటే అదే దొంగ.

అన్ని డీసీ అంకెలూ రెండు వైపులా ఒకేలా ఉండి, అప్పటికీ కుడి పలకకపోతే, అప్పుడు మాత్రమే నీ ఔట్‌పుట్ కెపాసిటర్ వంతు వస్తుంది. ఫోన్‌లో టోన్ జెనరేటర్ యాప్ వేసి 100 హెర్ట్జ్ శబ్దం పెట్టు. చవక మీటర్లు ఏసీ రేంజ్‌లో తక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గరే నమ్మదగినట్టు కొలుస్తాయి. ఎర్ర ప్రోబ్‌కి 0.1 మైక్రోఫారడ్, 400 వోల్టుల కెపాసిటర్ ఒకటి సీరీస్‌లో పెట్టుకో, కొన్ని మీటర్లు డీసీని కూడా ఏసీగా చూపిస్తాయి. ఆ చిన్న కెపాసిటర్ వల్ల అంకె కొంచెం తగ్గుతుంది, ఫరవాలేదు, నీకు కావాల్సింది ఎడమకీ కుడికీ పోలిక. వాల్యూమ్ కంట్రోల్ మధ్య కాలు, 12ఏయూ7 గ్రిడ్, ప్లేటు, 6080 కేథోడ్, కెపాసిటర్ అవతలి కాలు, జాక్. ఈ వరసలో పాట ఎక్కడ మాయమైందో దానికి ఒక అడుగు ముందే తప్పు ఉంటుంది. గ్రిడ్ దగ్గరే లేకపోతే షీల్డ్ వైరు చూడు. టంకం వేడికి లోపలి ప్లాస్టిక్ కరిగి, మధ్య తీగ షీల్డ్‌ని తాకి ఉంటుంది. కొత్తగా కట్టేవాళ్ల దగ్గర నేను తరచూ చూసే తప్పు ఇది. కెపాసిటర్‌కి ఈ పక్క శబ్దం ఉండి ఆ పక్క లేకపోతే అప్పుడు కూడా దాన్ని తిట్టే ముందు దాని కాళ్ల టంకాలు మళ్లీ వెయ్యి. పది రోజుల వయసున్న ఎలక్ట్రోలిటిక్ ఉన్నట్టుండి తెగిపోవడం అరుదు.

ఇక మన ఊరి సంగతి. పుస్తకాల్లో ఇది కనబడదు. కొన్నేళ్ల కిందట లాసన్స్ బే కాలనీ నుంచి ఒక యాంప్లిఫయర్ నా దగ్గరకు వచ్చింది. సముద్రానికి కూతవేటు దూరంలో ఇల్లు, బాల్కనీ తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది. పగలంతా బాగా పాడుతుంది, సాయంత్రం గాలి మొదలైన గంటకి ఎడమ చానెల్ పోతుంది. ఆయన మూడు వాల్వులు మార్చారు. నేను తిరగేసి పది రెట్ల భూతద్దం పెట్టి చూశాను. సాకెట్ 4వ ట్యాగు చుట్టూ టంకంలో వెంట్రుకంత నల్లటి వలయం. టంకం గుండ్రంగా మెరుస్తూ చూడ్డానికి ముచ్చటగానే ఉంది, కానీ ట్యాగుని పట్టుకోలేదు, దాని చుట్టూ ఉంగరంలా కూర్చుంది. ఆ సందులోకి ఉప్పుగాలి చేరి పచ్చగా చిలుము పట్టింది. అగ్గిపుల్లతో ట్యాగుని కదిపితే ట్యాగు కదిలింది, టంకం కదల్లేదు. మధురవాడ బీచ్‌కి కాస్త దూరమే, కానీ రుషికొండ వైపు గాలి నీ ఇంటిదాకా రాదని అనుకోకు. ఇక్కడ కట్టిన ప్రతి వస్తువులోనూ నేను టంకాన్నే మొదట అనుమానిస్తాను. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వెళ్లాక కొన్ని నెలలపాటు నా దగ్గరకు వచ్చిన సామానులో పెద్ద వస్తువులు పోయినవి తక్కువ, ఇలా చిలుము పట్టిన అతుకులే ఎక్కువ.

టంకం మళ్లీ వేసేటప్పుడు పాతదాని మీదే కొత్తది పూయకు. పీల్చేసే పంపుతో పాతది పూర్తిగా తీసెయ్, ట్యాగుని బ్లేడుతో తళుక్కుమనేలా గీకు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు. తీగని ట్యాగు రంధ్రంలో దూర్చి ముక్కుపటకారుతో వంచి బిగించు. టంకం లేకుండానే అది నిలబడాలి. సాకెట్‌లో పనికిరాని పాత వాల్వు ఒకటి గుచ్చి ఉంచు, లేకపోతే వేడికి లోపలి పట్లు పక్కకి జరుగుతాయి. 25 వాట్ల ఐరన్ హీటరు తీగల లావుకి చాలదు, 60 వాట్లది తీసుకో. ఐరన్ మొనని ట్యాగుకి ఆనించి ట్యాగు వేడెక్కాక, ట్యాగుకే టంకం అందించు, ఐరన్‌కి కాదు. నీళ్లలా పాకి తీగ ఆకారం బయటికి కనబడేలా అతుక్కోవాలి. బొండాంలా ఉబ్బి కూర్చుంటే మళ్లీ తీసెయ్. చల్లారేదాకా ఊపిరి కూడా గట్టిగా వదలకు. 4, 5, 9 అయ్యాక, చేతులు పెట్టావు కాబట్టి మిగతా ఆరు పిన్నులూ అలాగే చెయ్యి. ఒకే చేత్తో, ఒకే రోజున, ఒకే తొందరలో వేసినవే కదా అవి కూడా.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు మెయిన్స్‌కి సీరీస్‌లో 100 వాట్ల మామూలు బల్బు పెట్టు, ఎల్‌ఈడీది పనికిరాదు. బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారితే మంచిది. పూర్తి కాంతితో వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపు, ఎక్కడో షార్ట్ ఉంది. బల్బు ఉండగా వోల్టేజీలు కొలవకు, హీటర్లకే సరిగ్గా అందదు. మసకబారింది చూసి, ఆపి, బల్బు తీసేసి నేరుగా ఇవ్వు. రెండు నిమిషాలు ఆగి, హెడ్‌ఫోన్ పెట్టే ముందు జాక్ దగ్గర రెండు వైపులా డీసీ కొలువు. సున్నాకి దగ్గరగా ఉండాలి. వోల్టులు కనబడితే ఔట్‌పుట్ కెపాసిటర్ లీకవుతోంది. అప్పుడు నువ్వు చూసిన ఆ 100 మైక్రోఫారడ్ 250 వోల్టులదే సరైనది. 300 ఓముల హెడ్‌ఫోన్‌కి 5 హెర్ట్జ్ దాకా దిగుతుంది, అంతకన్నా పెద్దది అవసరం లేదు. 32 ఓముల హెడ్‌ఫోన్లు మాత్రం దీనికి పెట్టకు. 6080ని మొదట రెగ్యులేటెడ్ పవర్ సప్లైల కోసం తయారు చేశారు కాబట్టి కరెంటు బాగానే ఇస్తుంది గానీ, ఈ సర్క్యూట్ ఔట్‌పుట్ ఇంపెడెన్స్ (లోపలి అడ్డు) 100 ఓముల చుట్టూ ఉంటుంది. 32 ఓములకి బేస్ పల్చబడిపోతుంది.

రేపు పగలు మొదట చీకటి గదిలో ఆ రెండు ఎర్ర చుక్కలు చూసి నాకు చెప్పు. రెండూ వెలుగుతుంటే ఎనిమిది అంకెలు పంపు: ఎడమా కుడీ 12ఏయూ7 కేథోడ్, ప్లేటు, 6080 గ్రిడ్, కేథోడ్. సాకెట్ అడుగు ఫోటో కూడా దగ్గరగా తీసి పెట్టు, ఫ్లాష్ లేకుండా, పక్కనుంచి టార్చి వేసి. అలా వేస్తే టంకం చుట్టూ ఉన్న వలయం నీడలో తేలుతుంది.